సర్టిఫికెట్ ఉంది సరే, మందు కొట్టొచ్చాక ఆ తలనొప్పి ఏమిటి?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరు. సొంత పొలం లేదు. మా ఆయన సీజన్లో మిర్చి తోటలకు కూలికి పురుగుమందు కొడతాడు. తైవాన్ పంపు సొంతంగా కొనుక్కున్నాడు. ట్యాంకుకు ఇంత అని లెక్క. ఈమధ్య ఊళ్లో ఒక మందుల కంపెనీ వాళ్లు మీటింగు పెట్టి, ఒక పూట జాగ్రత్తలు చెప్పి, మాస్కు, గ్లౌజులు, ఫొటో అంటించిన సర్టిఫికెట్ ఇచ్చి వెళ్లారు. అప్పటి నుంచి నేనేమన్నా అంటే "సర్టిఫికెట్ ఉన్నోడికి నువ్వు చెప్తావా" అంటున్నాడు. కానీ మందు కొట్టి వచ్చిన రోజు తలనొప్పి, వికారం, కళ్లు మసకలు. మజ్జిగ తాగి పడుకుంటాడు, పొద్దున్నే మళ్లీ పంపు ఎత్తుకుంటాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఆ సర్టిఫికెట్‌కు విలువ ఉందా? అసలైన శిక్షణ ఎక్కడ ఇస్తారు? ఇంకో మాట. మా మరిది ఇంటర్ చదివి ఖాళీగా ఉన్నాడు. ఐదు వేలు కడితే "స్ప్రే లైసెన్సు" ఇప్పిస్తానని, దాంతో మందుల షాపు కూడా పెట్టుకోవచ్చని ఒకతను తిరుగుతున్నాడు. కట్టమంటారా?

సమాధానం: అమ్మా, సర్టిఫికెట్ సంగతి కాసేపు పక్కన పెడదాం. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ మజ్జిగ తాగి పడుకోవడం, తెల్లారి మళ్లీ పంపు ఎత్తుకోవడం. మందు కొట్టిన రోజే తలనొప్పి, వికారం, చూపు మసకబారడం కలిసి వస్తుంటే ఎండ దెబ్బ అని సరిపెట్టుకోకూడదు. ఒంట్లోకి మందు వెళుతోందని అనుమానించాల్సిందే.

ఎందుకంటే, ప్రొఫెనోఫాస్, మోనోక్రోటోఫాస్, ఎసిఫేట్, క్లోరిపైరిఫాస్ లాంటివి ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు. పురుగు నరాల్లో కొలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయనీయకుండా ఆపి చంపుతాయి. అదే ఎంజైము మన నరాల్లోనూ ఉంది. మందు మన ఒంట్లోకి చేరినా చేసేది అదే పని. నోట్లో నీళ్లూరడం, చెమటలు, కళ్ల వెంట నీరు కారడం, కంటిపాప చిన్నదైపోయి చూపు మసకబారడం, కండరాలు అదరడం, వాంతులు, ముదిరితే ఊపిరి అందకపోవడం. ఒకసారి దెబ్బతిన్న ఎంజైము మామూలు స్థాయికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. రాత్రికి తలనొప్పి తగ్గినా లోపలి లోటు అలాగే ఉంటుంది. రెండు రోజులకే మళ్లీ కొడితే ఆ లోటు ఇంకాస్త పెరుగుతుంది. సీజన్ మొదట్లో ఏమీ కాని మనిషికి, సీజన్ చివర్లో అదే మందు, అదే మోతాదుతో కళ్లు తిరిగేది అందుకే. "ఇన్నేళ్లుగా కొడుతున్నా, అలవాటైపోయింది" అనుకోవడం చాలా ప్రమాదం.

కాబట్టి ముందు పని ఆపించండి. కూలి పోతుందని తెలుసు, అయినా ఆపించండి. ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, పురుగుమందు పిచికారీ చేసే పని అని, ఏ ఏ రోజుల్లో ఏ మందులు కొట్టాడని స్పష్టంగా చెప్పండి. రక్తంలో కొలినెస్టరేజ్ పరీక్ష చేయించమని పేరు పెట్టి అడగండి. మీ పీహెచ్‌సీలో లేకపోతే జిల్లా ఆసుపత్రిలోనో, గుంటూరు పెద్దాసుపత్రిలోనో అడగండి. పిచికారీ మానేసి కొన్ని వారాలు గడిచాక ఇంకోసారి చేయిస్తే, రెండు అంకెల తేడాను బట్టి అసలు సంగతి డాక్టరుకు తెలుస్తుంది. అన్ని మందులూ ఈ జాతివి కావు. పరీక్ష మామూలుగా వచ్చినా లక్షణాలు పోకపోతే మళ్లీ చూపించాల్సిందే.

ఎప్పుడైనా పొలంలోనే పడిపోతే, మాట తడబడితే, ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేలోగా తడిసిన బట్టలు విప్పేసి, సబ్బుతో ఒళ్లంతా కడగండి. కళ్లల్లో పడితే 15 నిమిషాలపాటు మంచినీళ్లు పోస్తూనే ఉండండి. కడిగేవాళ్లు చేతులకు గ్లౌజులో, లేకపోతే ప్లాస్టిక్ కవర్లో తొడుక్కోవాలి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చింతపండు నీళ్లు, సబ్బు నీళ్లు తాగించి వాంతి చేయించే పని మాత్రం పెట్టుకోవద్దు. ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రాణాపాయం. వెళ్లేటప్పుడు మందు డబ్బా లేబులు వెంట తీసుకెళ్లండి. ఆర్గానోఫాస్ఫేటుకు అట్రోపిన్ ఇంజెక్షన్ ప్రాణం నిలబెడుతుంది. గడ్డిమందు పారాక్వాట్‌కైతే విరుగుడే లేదు. లోపలికి పోయింది ఏ మందో తెలియకపోతే డాక్టరు చేతులు కట్టేసినట్టే.

ఇక సర్టిఫికెట్. మన దేశంలో పొలంలో మందు కొట్టడానికి సర్టిఫికెట్ ఉండాలని చట్టం అడగదు. 1968 నాటి కీటకనాశనుల చట్టం, 1971 నాటి నిబంధనలు ప్రధానంగా మందును తయారు చేసేవాళ్లు, అమ్మేవాళ్లు, ఇళ్లల్లో గోదాముల్లో పెస్ట్ కంట్రోల్ చేసేవాళ్ల గురించి మాట్లాడతాయి. పనివాళ్లకు రక్షణ బట్టలు ఇవ్వాలని, శిక్షణ ఇప్పించాలని ఆ నిబంధనల్లోనే రాసి ఉంది. కానీ ట్యాంకు వీపున వేసుకుని తోటలోకి దిగే కూలి మనిషి దగ్గరికొచ్చేసరికి అడిగే నాథుడు లేడు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2015 నవంబరు నుంచి, వృత్తిగా వాడేవాళ్ల కోసం ఉన్న పురుగుమందులు కొనాలంటే శిక్షణ సర్టిఫికెట్ తప్పనిసరి చేశారు. అమెరికాలో కొన్ని ప్రమాదకరమైన మందులను సర్టిఫికెట్ ఉన్నవాళ్లు గానీ, వాళ్ల పర్యవేక్షణలో గానీ తప్ప వాడకూడదు. మన దగ్గర అలాంటిదేమీ లేదు కనుక, కంపెనీ ఇచ్చిన కాగితం ఆయన ఆ పూట అక్కడ కూర్చున్నాడని చెప్తుంది, అంతవరకే. ఆ మీటింగు దండగ అనను. చెప్పిన నాలుగు మాటలూ మంచివే అయి ఉంటాయి. కానీ మీటింగు ముందు, మీటింగు తర్వాత మీ ఆయన పంపు నింపే తీరులో ఏమైనా మార్పు వచ్చిందా? నేనైతే చూసేది అదొక్కటే.

సరైన శిక్షణ కుర్చీల్లో కూర్చోబెట్టి ఇచ్చేది కాదు, పంపు చేతికిచ్చి ఇచ్చేది. మొదట నేర్పాల్సింది లేబులు చదవడం. ప్రతి డబ్బా మీదా ఏటవాలుగా నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది. దాని కింది సగంలో రంగు, పై సగంలో హెచ్చరిక. ఎరుపు రంగు, పైన పుర్రె ఎముకల బొమ్మ ఉంటే అత్యంత విషపూరితం. పసుపు దాని తర్వాత. నీలం ఇంకొంచెం తక్కువ. ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. ఆకుపచ్చ ఉందని తాగునీళ్లలా చూడమని కాదు. నెలల తరబడి ఒంటికి తగులుతూ ఉంటే ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. ఒకేసారి లోపలికి పోతే ఎంత ప్రమాదమో మాత్రమే చెప్తుంది. చదువు రానివాళ్లకు కూడా ఈ నాలుగు రంగులు పది నిమిషాల్లో వచ్చేస్తాయి.

కూలికి కొట్టేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. డబ్బా కొనేది ఆసామి. అట్టపెట్టె, దానిలోని కరపత్రం అతని ఇంట్లోనో షాపులోనో ఉండిపోతాయి. మూత తీసిన సీసా మాత్రమే మీ ఆయన చేతికొస్తుంది. 2021లో నల్ల తామరపురుగు మిర్చి మీద పడ్డప్పటి నుంచి, షాపువాడు చెప్పిన రెండు మూడు మందులు కలిపి ఒకే ట్యాంకులో పోయించడం కూడా పెరిగింది. కలిపిన మందులు ఒంటి మీద ఎలా పనిచేస్తాయో ఏ లేబులూ చెప్పదు. అందుకని ఆయనకు ఒక అలవాటు చేయండి. ట్యాంకు నింపే ముందు ప్రతి సీసా లేబులుకూ ఫోనులో ఫొటో తీసుకోవాలి. లేబులు చింపేసిన సీసా, క్వార్టర్ సీసాలో పోసి తెచ్చిన మందు అయితే పంపు ఎత్తకూడదు. ఆ ఫొటోలో తేదీ, మందు పేరు రెండూ ఉంటాయి. డాక్టరుకు అదే ఆధారం, రేపు నష్టపరిహారం అడగాల్సి వస్తే అదీ ఆధారమే.

తర్వాత చేతులు. తోటలో తిరిగేటప్పుడే ప్రమాదమని మనవాళ్లు అనుకుంటారు. నీళ్లు కలపకముందు మూత తీసి కొలిచే ఆ రెండు నిమిషాల్లోనే అసలు ప్రమాదం ఉంది. సీసాలో ఉన్నది చిక్కటి మందు. అది అరచేతి మీద పడితే, కలిపిన నీళ్లు ఎన్నో రెట్లు పడ్డదానితో సమానం. మూతతో కొలిచి, చేత్తో కలిపి, నాజిల్‌లో చెత్త అడ్డుపడితే నోటితో ఊదడం, ఈ మూడూ మీ ఆయన చేస్తున్నాడేమో గమనించండి. కొలతపాత్ర, పొడుగాటి కర్ర, నాజిల్ తుడవడానికి పాత టూత్‌బ్రష్షు, ఇవి మూడూ కలిపినా పెద్ద ఖర్చేమీ కాదు.

గ్లౌజులు కంపెనీ వాళ్లు ఇచ్చారన్నారు. గుడ్డవైతే తడిసి మందును చేతికి అంటిపెట్టి ఉంచుతాయి, అవి వేసుకోవడం కంటే ఉత్త చేతులే నయం. నైట్రైల్ రబ్బరువి కావాలి. వాటిని తొడుక్కునే పద్ధతి కూడా ఉంది. మిర్చిలా నడుము ఎత్తు పైరుకు గొట్టం కిందికి పట్టి కొడతారు కనుక చొక్కా చేతులు గ్లౌజు పైకి రావాలి. లేకపోతే చేతి మీద నుంచి కారిన మందు గ్లౌజులోకి దిగి అక్కడే నిలుస్తుంది. మామిడి చెట్లకు గొట్టం పైకెత్తి కొట్టేటప్పుడు దీనికి తిరగేసి, గ్లౌజే చొక్కా చేతుల మీదికి ఉండాలి. ప్యాంటు ఎప్పుడూ బూట్ల బయటే. పని అయ్యాక గ్లౌజులు విప్పే ముందే వాటిని సబ్బుతో కడగాలి, తర్వాత విప్పాలి. శిక్షణలో ఇది నాలుగైదు సార్లు చేయించి చూడాలి, వింటే గుర్తుండదు. మాస్కు విషయమూ అంతే. ఆసుపత్రిలో పెట్టుకునే పల్చటి మాస్కు, ముక్కుకు కట్టిన తువ్వాలు మందు ఆవిరిని ఆపలేవు. తడిసిన తువ్వాలు మందును ముక్కు దగ్గరే పట్టి ఉంచుతుంది. ఆవిరిని వడకట్టే డబ్బా, అంటే కార్ట్రిడ్జ్, ఉన్న మాస్కు మేలు. అది దొరకనప్పుడు గాలికి ఎదురు నడవకుండా ఉండటం, ఎండ ముదరకముందే పని ముగించడం చాలావరకు కాపాడతాయి.

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో జరిగింది తెలుసుకుంటే మీ ఆయన వింటాడేమో. ఆ ఏడాది పత్తి మనిషెత్తు పెరిగింది. పవర్ పంపులతో తల ఎత్తున కొట్టారు, రకరకాల మందులు కలిపి కొట్టారు. కొన్ని నెలల్లో 20 మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. వాళ్లలో చాలామంది కూలికి మందు కొట్టేవాళ్లే. ఆయన చేసే పనే చేస్తూ పోయారు.

అమ్మా, ఒక విషయం మీ గురించి కూడా. శిక్షణకు ఎప్పుడూ మగవాళ్లనే పిలుస్తారు. కుండతో నీళ్లు తెచ్చి పోసేది ఆడవాళ్లు. సాయంత్రం ఆ బట్టలు ఉతికేదీ మీరే. మందు కొట్టిన బట్టలు పిల్లల బట్టలతో కలపకండి. గ్లౌజులు వేసుకుని విడిగా ఉతకండి, ఉతికిన నీళ్లు చెరువులో పోయకండి. ఆయన ఇంటికొచ్చాక స్నానం చేయకుండా పిల్లల్ని ఎత్తుకోనివ్వకండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పనుల దరిదాపులకు రానివ్వకండి. ఈసారి శిక్షణ ఎక్కడ జరిగినా మీరు కూడా వెళ్లి కూర్చోండి. పిలవలేదని మానేయకండి.

ఎక్కడ జరుగుతుందంటే, మీకు దగ్గర్లో, గుంటూరు పక్కన లాం ఫారం ఉంది. ఆచార్య ఎన్‌.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధనా స్థానం, మిర్చి మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఉద్యాన పరిశోధనా స్థానం రెండూ అక్కడ ఉన్నాయి, అక్కడే కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉంది. కేవీకేలు రైతులకు, గ్రామీణ యువతకు శిక్షణ ఇస్తాయి, మామూలుగా ఫీజు అడగరు. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో ఉండే వ్యవసాయ సహాయకుడి దగ్గరికి పదిమంది స్ప్రే కూలీలు కలిసి వెళ్లి "పంపుతో చేసి చూపించే శిక్షణ కావాలి" అని అర్జీ ఇవ్వండి. ఒక్కరు అడిగితే చూద్దాం అంటారు, పదిమంది సంతకాలు పెడితే పై అధికారికి పంపక తప్పదు. రైతులకు పొలంలోనే పాఠాలు చెప్పే పొలంబడి జరుగుతుంటే దానిలో రక్షణ పాఠం పెట్టమనండి. వ్యవసాయ శాఖ నడిపే ఆత్మ అనే పథకం ద్వారా గ్రామీణ యువతకు వారం రోజుల నైపుణ్య శిక్షణ కూడా ఉంది, దాని గురించి అడగండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ, నిఫామ్ అంటారు, ఈ రంగంలో దేశానికంతటికీ శిక్షకులను తయారు చేసే చోటు. మీ మండల అధికారులే అక్కడ నేర్చుకుని వచ్చి మీకు నేర్పించాలి. ఫోనులో సలహాకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, తెలుగులో మాట్లాడతారు.

వేసవిలో పెట్టమని అడగండి, అప్పుడు మందు కొట్టే పని ఉండదు. సీజన్లో శిక్షణ అంటే ఒక రోజు కూలి పోగొట్టుకోవడమే, ఎవరు వస్తారు? నా అభిప్రాయం అడిగితే, కూలికి మందు కొట్టేవాళ్లందరికీ ప్రభుత్వమే ఒక రోజు కూలి ఇచ్చి, పంపుతో పరీక్ష పెట్టి, సీజన్ ముందూ చివరా రక్త పరీక్ష చేయించి, ఆ వివరాలతో ఒక కార్డు ఇవ్వాలి. మందు అమ్మేవాడికి చదువు ఉండాలని నిబంధన పెట్టిన ప్రభుత్వం, ఆ మందును రోజంతా పీల్చేవాడిని మాత్రం వదిలేసింది. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆసామి బాధ్యత కూడా ఉంది. పొలాల్లో పురుగుమందు పిచికారీ చేసేవాళ్లను ఉద్యోగుల నష్టపరిహార చట్టం రెండో షెడ్యూలులో చేర్చారు. ఆ చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. పనిలో మందు తగిలి ప్రాణం మీదికి వస్తే పరిహారం అడిగే హక్కుంది. ఆసుపత్రిలో చేరితే కేసు షీటులో "పురుగుమందు పిచికారీ చేస్తూ" అని రాయించండి. ఆ మాట రాయకపోతే తాగి పడ్డాడనో, ఆత్మహత్యాయత్నమనో లెక్కలోకి పోయే ప్రమాదముంది. ఆసామితో గొడవ పెట్టుకోమని చెప్పడం లేదు, ఊళ్లో బతకాలి. గ్లౌజులు, సబ్బు, రెండు బిందెల మంచినీళ్లు పొలం గట్టున పెట్టమని అడగడం మాత్రం గొడవ కాదు.

చివరికి మీ మరిది. ఐదు వేలు కట్టవద్దు. పొలంలో మందు కొట్టడానికి "స్ప్రే లైసెన్సు" అనేదే లేదు, లేనిదాన్ని ఇప్పిస్తానంటున్నాడు. షాపు పెట్టాలంటే వ్యవసాయ శాఖ లైసెన్సు కావాలి. దానికి వ్యవసాయం, రసాయన శాస్త్రం, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం లాంటివాటిలో డిగ్రీ గానీ, గుర్తింపు ఉన్న సంస్థ నుంచి వ్యవసాయం, ఉద్యానం, సస్యరక్షణలో ఏడాది డిప్లొమా గానీ ఉండాలి. రాజేంద్రనగర్‌లోని మేనేజ్ అనే జాతీయ వ్యవసాయ శిక్షణ సంస్థ 2003లో మొదలుపెట్టిన "దేశి" డిప్లొమా డీలర్ల కోసమే ఉన్నది, 48 వారాలు సాగుతుంది. కుర్రాడికి సాంకేతిక పనుల మీద ఆసక్తి ఉంటే డ్రోన్ మంచి దారి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసైతే చాలు, కేంద్ర పౌర విమానయాన అధికార సంస్థ డీజీసీఏ గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థలో నేర్చుకుని రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఇది చట్టం అడిగే సర్టిఫికెట్. మీరు డ్వాక్రా సంఘంలో ఉంటే నమో డ్రోన్ దీదీ పథకంలో సంఘం మహిళలకే 15 రోజుల శిక్షణ ఉంది, దాని గురించి కూడా అడగండి. డ్రోన్ ఎగరేసేవాడు మందు తుంపరకు దూరంగా నిలబడతాడు, నిజమే. కానీ డ్రోన్ ట్యాంకులో మందు కలిపేది చేతులతోనే. పైగా నీళ్లు తక్కువ పోస్తారు కనుక ఆ మందు ఇంకా చిక్కగా ఉంటుంది. మరిదికి కూడా ఆ గ్లౌజుల పాఠం మీరే నేర్పించండి.